గోధుమల బండి: 1977 ఆకో ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 8, శనివారం

నేను నడిపే లారీలో ఒక డైరీ ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో దీన్ని నేషనల్ వర్క్ డైరీ అంటారు. ఎప్పుడు స్టీరింగ్ ముందు కూర్చున్నాను, ఎప్పుడు దిగాను, ఎంతసేపు పడుకున్నాను అన్నదంతా 15 నిమిషాల గళ్ళలో గీతలు గీసి చూపించాలి. ప్రతి ఐదున్నర గంటల్లో 15 నిమిషాలైనా ఆగాలి. 24 గంటల్లో 12 గంటలకు మించి పని చెయ్యకూడదు. బండి కదలకుండా ఏకబిగిన 7 గంటలు విశ్రాంతి తీసుకోవాలి. గత 28 రోజుల లెక్క చేతిలో ఉండాలి. రోడ్డు పక్కన ఆపి అడిగినప్పుడు లెక్క తేడా వస్తే జేబుకు చిల్లు.

ఈ రెండో డైరీని ఎవరూ తనిఖీ చెయ్యరు. అందుకని చేసిన తప్పులన్నీ ఇందులో రాసుకోవచ్చు.

ఇవాళ ఒక పాత లారీ కొన్నాను. మెల్‌బోర్న్ నుంచి వాయవ్యంగా 300 కిలోమీటర్ల పైన, విమ్మెరా ప్రాంతంలో వారక్నబీల్ దగ్గర ఒక రైతు షెడ్డులో తొమ్మిదేళ్ళుగా నిలబడి ఉంది. 1977 ఇంటర్నేషనల్ ఆకో టిప్పర్. పెట్రోలు వీ8 ఇంజన్ (వీ ఆకారంలో రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు), ఐదు గేర్లు, వెనక రెండు స్పీడుల యాక్సిల్. 3,500 డాలర్లు. రైతు పెద్దాయనకు ఎనభై దాటాయి. వాళ్ళ నాన్న కొత్తగా కొన్న బండట. నవంబరు, డిసెంబరుల్లో కోత మొదలయ్యాక పొలం నుంచి ధాన్యం నిల్వ చేసే సైలోకి గోధుమలు తోలడం, మిగతా పది నెలలు షెడ్డులో నిద్ర. అందుకే 48 ఏళ్ళ బండి అయినా మీటరు 90 వేల కిలోమీటర్లు కూడా దాటలేదు.

తలుపు మీద ఆ కుటుంబం ఇంటిపేరు, ఊరి పేరు చేత్తో రాసిన అక్షరాల్లో ఉన్నాయి. తలుపు తీస్తే ముందు వాసన వచ్చింది, తర్వాత ఎలుకల గూడు కనిపించింది. సీటు స్పాంజి సగం అవే తినేశాయి.

విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు మెకానిక్కుగా చేసిన మా మావయ్యకి వీడియోలో చూపించాను.

"పెట్రోలు లారీయా?" అన్నాడు. కాసేపు మాట రాలేదు. "ఒరేయ్, పెట్రోలు పోసి లారీ తిప్పితే కిరాయి మొత్తం బంకువాడికే ఇచ్చి రావాలి కదరా."

ఏడాదికి ఆరు వారాలు తిరిగే బండికి డీజిల్ ఇంజన్ మీద అదనంగా పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది మావయ్యా, అందుకే ఇక్కడి రైతులు ఆ రోజుల్లో పెట్రోలు బళ్ళే కొనేవాళ్ళు అని చెప్పాను. ఒప్పుకోలేదు గానీ, "ఇంజన్ సౌండు వినిపించు" అన్నాడు. వినిపించడానికి సెల్ఫ్ తిరిగితేగా.

ఫిబ్రవరి 22

బండి ఇంటికి చేరింది. నిజానికి ఇంటికి కాదు. రాక్‌బ్యాంక్ దగ్గర ఒక పంజాబీ మిత్రుడి షెడ్డులో సగం అద్దెకు తీసుకున్నాను, అక్కడికి. హోర్షమ్ నుంచి ఖాళీగా వస్తున్న ఒక డ్రైవరు తన లో-లోడర్ మీద ఎక్కించుకొచ్చాడు. రిటర్న్ లోడు లెక్కలో 600 డాలర్లకు ఒప్పుకున్నాడు. మామూలుగా పిలిపిస్తే బండి ధరలో సగం అయ్యేది.

ఇప్పుడు ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అమెరికా కంపెనీయే. కానీ ఆకో అమెరికాలో పుట్టింది కాదు. మెల్‌బోర్న్ ఆగ్నేయాన డాండెనాంగ్‌లో 1950లలో మొదలైన ఫ్యాక్టరీలో ఇక్కడివాళ్ళు ఇక్కడి అవసరాలకు కట్టిన లారీ. ఆకో అంటే ఆస్ట్రేలియన్ సి-లైన్ క్యాబ్ ఓవర్, అంటే ఇంజన్ నెత్తిన క్యాబిన్ ఉన్న బండి. మొదటి తరం బండిని దాని పెట్టె ఆకారం చూసి జనం బటర్ బాక్స్ అని పిలిచేవాళ్ళు. నాది 1972లో వచ్చిన తర్వాతి తరం, ఆకో-ఎ. 1992లో ఇక్కడి కంపెనీ ఇటలీ వాళ్ళ ఐవెకో చేతికి వెళ్ళినా పేరు మారలేదు. చెత్త బళ్ళుగా, కాంక్రీటు మిక్సర్లుగా ఆకోలు ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతూనే ఉన్నాయి.

డాండెనాంగ్ ఫాస్టర్ స్ట్రీట్‌లో మన సరుకుల కొట్లు వరసగా ఉంటాయి. పదేళ్ళుగా కందిపప్పుకీ గోంగూర పచ్చడికీ ఆ వీధికి వెళ్తూనే ఉన్నాను. ఆ ఊళ్ళో లారీలు తయారయ్యేవని నాకు ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 15

పానాల గోల. నా పెట్టెలో ఉన్నవన్నీ మిల్లీమీటర్ల పానాలు. ఈ బండి నట్లన్నీ అంగుళాలవి. 14 ఎక్కదు, 15 వదులు. తమాషా ఏమిటంటే స్పీడోమీటర్ మాత్రం కిలోమీటర్లలోనే ఉంది. ఆస్ట్రేలియాలో రోడ్డు బోర్డులు మైళ్ళ నుంచి కిలోమీటర్లకు మారింది 1974 జులైలో, ఈ బండి 1977ది. అంటే డ్రైవరు కళ్ళకి మెట్రిక్, మెకానిక్ చేతులకి అంగుళాలు. అంగుళాల సెట్టు కొనక తప్పలేదు, 180 డాలర్లు.

ఇంజన్ 345. అంటే 345 క్యూబిక్ అంగుళాలు, దాదాపు 5.65 లీటర్లు. ప్లగ్గులు ఊడదీసి ఒక్కో బోరులోకి కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేశాను. తర్వాత ముందు పుల్లీ నట్టుకు పొడుగు రాడ్డు వేసి చేత్తో తిప్పాను. మొదట అరంగుళం కదిలింది. తర్వాత పావు చుట్టు, ఆ తర్వాత పూర్తి చుట్టు. ఎక్కడా పట్టలేదు. అయిదారు నిమిషాలు ఊరికే అలా తిప్పుతూ కూర్చున్నాను. ఆయిల్ గేజి కడ్డీ తీసి చూస్తే నల్లగా ఉంది తప్ప పాల రంగు లేదు, నీళ్ళు కలవలేదన్నమాట.

టాంకులో పెట్రోలు వాసన మాత్రం పెట్రోలుది కాదు, పాత వార్నిష్‌ది. తీసేశాను. అడుగున తుప్పు పలుకులు గలగలమంటున్నాయి.

ఏప్రిల్ 5

తుప్పు వదిలించడానికి ఇక్కడి పల్లెల్లో ఒక చిట్కా ఉంది. మొలాసిస్. పశువుల దాణాలో కలిపే ఈ మడ్డి దాణా కొట్లో డ్రమ్ముల్లెక్కన దొరుకుతుంది. ఒక వంతు మడ్డి, తొమ్మిది వంతుల నీళ్ళు. తుప్పు పట్టిన ఇనుము అందులో రెండు మూడు వారాలు ముంచి ఉంచితే తుప్పు ఊడిపోతుంది, మంచి ఇనుము మిగులుతుంది. అల్యూమినియం ముక్కలు మాత్రం వెయ్యకూడదు, తినేస్తుంది.

బ్రాకెట్లు, బ్రేకు పెడల్, స్ప్రింగు పిన్నులు అన్నీ ఒక 200 లీటర్ల డ్రమ్ములో వేశాను. టాంకులోనూ అదే ద్రావణం నింపి మూత బిగించాను. వారం తిరిగేసరికి షెడ్డంతా ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ పక్కనుంచి బస్సు వెళ్ళేటప్పటి వాసన. నాకు బాగానే ఉంది. మా పంజాబీ మిత్రుడు మాత్రం అద్దె పెంచుతానన్నాడు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

సెలవు. రోడ్డు మీద లారీలు పలచబడ్డాయి, నాకూ డ్యూటీ లేదు. పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి ఇంజన్ స్టార్ట్ చేశాను.

పాయింట్లు రుద్దాను, కండెన్సర్ కొత్తది, ప్లగ్గులు కొత్తవి, వైర్లు కొత్తవి. టాంకు ఇంకా మడ్డిలోనే ఉంది కాబట్టి ఒక చిన్న డబ్బాలో పెట్రోలు పోసి పైపు పెట్టాను. సీసం కలిపిన పెట్రోలు ఇక్కడ 2002 జనవరి నుంచి లేదు. ఈ ఇంజన్ సీసం రోజులది. అందుకని వాల్వు సీట్లు అరగకుండా ఒక మందు కలిపి పోస్తున్నాను.

సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. ముందు తెల్ల పొగ, తర్వాత ఎలుక గూటి ముక్కలు సైలెన్సర్‌లోంచి కాలి నల్లగా ఎగిరాయి. శబ్దం బాగుంది, కానీ సమంగా లేదు. ఎక్కడో ఒకచోట మిస్సింగ్ కొడుతోంది. యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే బండి మొత్తం దగ్గుతోంది.

మావయ్యకు ఫోన్లో వినిపించాను. "కార్బరేటర్ రా. విప్పి కడుగు."

మే 10

కార్బరేటర్ విప్పి కడిగాను. మిస్సింగ్ అలాగే ఉంది.

మే 17

కార్బరేటర్ కిట్టు కొని మళ్ళీ విప్పాను. మిస్సింగ్ అలాగే ఉంది. 140 డాలర్లు పోయాయి.

మే 31

దొరికింది! ఇది వివరంగా రాసుకోవాలి.

ఈ వీ8 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస, 1-8-4-3-6-5-7-2. బేసి సంఖ్యల సిలిండర్లన్నీ ఒక వైపు వరసలో ఉంటాయి, సరి సంఖ్యలు ఇంకో వైపు. ఆర్డర్‌లో 5 తర్వాత వెంటనే మండేది 7. బ్లాకు మీద కూడా 5, 7 పక్కపక్కనే. నేను కొత్త వైర్లు వేసినప్పుడు చూడముచ్చటగా ఉండాలని 5, 7 రెండింటినీ జంటగా కట్టి ఒకే క్లిప్పులో బిగించాను. 5కి కరెంటు వెళ్ళినప్పుడు దాన్ని ఆనుకుని పడుకున్న 7 వైరులో కూడా కొంత పుడుతుంది. 7 పిస్టన్ అప్పుడింకా పైకి వస్తూ ఉంటుంది. మంట ముందుగానే అంటుకుంటే పిస్టన్‌ని వెనక్కి తంతుంది. అదే ఆ దగ్గు.

షెడ్డు లైట్లన్నీ ఆపేసి చీకట్లో ఇంజన్ నడిపి చూస్తే ఆ రెండు వైర్ల మధ్య నీలం మెరుపు సన్నగా పాకుతూ కనిపించింది. రెండింటినీ విడదీసి, ఒకదాన్ని ఇంకోదానికి అడ్డంగా పోనిచ్చి, మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంచాను. అంతే. ఇంజన్ మంత్రం వేసినట్టు సర్దుకుంది. టాపెట్ల టకటక తప్ప ఇంకేం లేదు.

మావయ్యకు చెబితే, "డీజిల్ బండికి ఈ తద్దినం ఉండదు" అన్నాడు. అది తప్పు ఒప్పుకోవడం కింద జమ కట్టాను.

జూన్ 14

చలి. చేతులకు పానా అంటుకుపోతోంది. బ్రేకుల పని మొదలుపెట్టాను.

హైడ్రాలిక్ బ్రేకులు, వాక్యూమ్ బూస్టర్ ఉన్న బండి. పెడల్ తొక్కితే రాయిలా ఉంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. డ్రమ్ములు ఊడదీయడానికి ఒక రోజు పట్టింది. లోపల వీల్ సిలిండర్ల పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. లైనర్లు మందంగానే ఉన్నాయి, కానీ అవి ఆస్బెస్టాస్ రోజులవి. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబరు 31 నుంచి. అంతకుముందు బళ్ళలో లైనరు దుమ్ము ఎక్కడున్నా అదేనని అనుకుని పని చెయ్యాలి. గాలి కొట్టకూడదు, చీపురు పట్టకూడదు. సన్నటి దుమ్మును ఆపే పీ2 మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడిచి, గుడ్డలతో సహా రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి, ఆస్బెస్టాస్ తీసుకునే డంపుకు అప్పగించి వచ్చాను.

మావయ్య వీడియోలో చూసి నవ్వాడు. "మేం కంప్రెసర్ గాలి కొట్టి ఊదేవాళ్ళంరా. మధ్యాహ్నానికి మీసాలు తెల్లబడేవి." నవ్విన తర్వాత కాసేపు దగ్గాడు. దాని గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

షూలకు కొత్త లైనర్లు అతికించడానికి, సిలిండర్లకు స్టీలు స్లీవులు వేయించడానికి పంపాను. బూస్టర్ కూడా. వచ్చిన అంచనా 2,900 డాలర్లు. బండి ధర 3,500 అని పైన రాసుకున్నానుగా.

జూన్ 26, గురువారం, టార్కటా

ఇది షెడ్డులో రాసింది కాదు. రాత్రి పూట నా పని మెల్‌బోర్న్ నుంచి హ్యూమ్ హైవే మీద టార్కటా దాకా. దాదాపు సగం దారి. అటు సిడ్నీ నుంచి ఇంకో డ్రైవరు వస్తాడు, ట్రైలర్లు మార్చుకుంటాం, ఎవరింటికి వాళ్ళం తెల్లారేసరికి చేరతాం. హ్యూమ్ మీద చాలామంది బతుకు ఇలాగే నడుస్తుంది. టార్కటాలో రోడ్డు మీద చనిపోయిన డ్రైవర్ల పేర్లు చెక్కిన స్మారకం ఉంది. మొదట్లో దాన్ని చూస్తే భయం వేసేది. ఇప్పుడు పక్కనే నిలబడి టీ తాగుతాం.

నేను నడిపే బండి ఏడాది కిందటిది. గేర్లు అదే మార్చుకుంటుంది. రోడ్డు మీద లేన్ గీత దాటితే సీటు వణికిస్తుంది. డాష్‌బోర్డు మీద ఒక కెమెరా నా కళ్ళను చూస్తూ ఉంటుంది, రెప్ప కాస్త ఎక్కువసేపు మూసుకుంటే కూత పెడుతుంది. నిద్రలో పోయినవాళ్ళ పేర్లు పక్క గోడ మీదే ఉన్నాయి కాబట్టి కెమెరా వద్దని నేను అనను. కాకపోతే పదకొండు గంటలు నడిపి దిగాక నేనేం చేశానో గుర్తుండదు.

ఇవాళ ట్రైలరు మార్చుకునే డ్రైవరు అరవై దాటినాయన. ఆకో సంగతి చెబితే కళ్ళు వెలిగాయి. "77 అంటే రేజర్‌బ్యాక్‌కి రెండేళ్ళ ముందుది" అన్నాడు. 1979 ఏప్రిల్‌లో పిక్టన్ దగ్గర రేజర్‌బ్యాక్ కొండ మీద, అప్పటి హ్యూమ్ రోడ్డుకు అడ్డంగా కొందరు సొంత బళ్ళ డ్రైవర్లు లారీలు నిలిపేశారు. టన్నుకి, మైలుకి ఇంతని వేసే రోడ్డు పన్ను మీద కోపం అది. గ్రీన్‌డాగ్ అన్న మారుపేరుతో అందరికీ తెలిసిన టెడ్ స్టీవెన్స్ ముందు నిలబడ్డాడు. చూస్తూ చూస్తూ వేరే రాష్ట్రాల్లోనూ రోడ్లు ఆగిపోయాయి. చివరికి ఆ పన్ను పోయింది. ఈయన అప్పుడు పదహారేళ్ళ కుర్రాడు, వాళ్ళ నాన్న పక్క సీట్లో కూర్చుని అక్కడే ఉన్నాడట.

"మీ బండిలో హీటరు ఉందా?" అని అడిగాడు వెళ్ళేముందు. ఉంది, కానీ పని చెయ్యదు. "ఎడమ కాలికి అక్కర్లేదులే" అన్నాడు. ఇంజన్ హంప్ ఎడమ పక్కనే కదా, ఆ కాలు ఎలాగూ కాలుతుంది.

జులై 19

టైర్లు. ఇవి స్ప్లిట్ రిమ్ములు. మనవాళ్ళకు తెలిసిన రింగు టైర్లే. టైరును పట్టుకుని ఉండే ఇనప రింగు సరిగ్గా కూర్చోకపోతే, గాలి కొట్టేటప్పుడు ఫిరంగి గుండులా ఎగురుతుంది. ఆటోనగర్‌లో రింగుకు అడ్డంగా గడ్డపలుగు దూర్చి గాలి కొట్టేవాళ్ళు. ఇక్కడ టైరును ఇనప పంజరంలో పెట్టి, దూరంగా నిలబడి కొట్టాలి. మూడు టైరు షాపుల వాళ్ళు అసలు ముట్టుకోం అన్నారు. నాకూ వాటితో ఆడుకోవాలని లేదు. పాత 9.00-20 టైర్లకు సరిపడే ఎత్తు 10R22.5 ట్యూబ్‌లెస్‌కి వస్తుంది. నా బండికి ఉన్న స్పైడర్ హబ్బుకు (చువ్వల్లా చేతులు చాచిన హబ్బు) కూర్చునే ట్యూబ్‌లెస్ రిమ్ములు ఒక లారీల పాత సామాన్ల యార్డులో ఆరూ దొరికాయి.

స్పైడర్ హబ్బులో రిమ్మును బిళ్ళలతో బిగిస్తారు. ఒక పక్క నుంచి వరసగా బిగించుకుంటూ పోతే రిమ్ము వంకరగా కూర్చుంటుంది, చక్రం తాగినవాడిలా ఊగుతుంది. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, చక్రం తిప్పి సుద్దముక్క పెట్టి చూస్తూ సరిచెయ్యాలి. మొదటి చక్రానికి గంటన్నర. ఆరోదానికి పావుగంట.

ఆగస్టు 2

బ్రేకులు వచ్చాయి. బిగించాను. గాలి తీశాను. మళ్ళీ తీశాను. పెడల్ గట్టిపడింది.

ఆగస్టు 30

ఇవాళ రెండు స్పీడుల యాక్సిల్. ఇది మావయ్యకు కూడా కొత్త. ఆటోనగర్‌లో తన చేతికి ఎప్పుడూ రాలేదట.

విషయం ఇది. గేర్‌బాక్సులో ఐదు గేర్లు ఉంటాయి. వెనక హౌసింగ్ లోపల ఇంకో జత పళ్ళ చక్రాలు ఉండి, ప్రతి గేరునూ రెండుగా చీలుస్తాయి, లో ఒకటి, హై ఒకటి. మొత్తం పది. మార్చడానికి గేరు రాడ్డు తల మీద ఒక బటన్. బటన్ నొక్కితే వెనక ఉన్న చిన్న కరెంటు మోటరు తిరిగి ఒక స్ప్రింగును బిగించి పెడుతుంది. అంతవరకే దాని పని. ఇంజన్ లాగుతున్నంతసేపూ పళ్ళ మీద ఒత్తిడి ఉంటుంది, స్ప్రింగు ఏమీ చెయ్యలేదు. డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు ఎత్తిన క్షణంలో ఒత్తిడి పోతుంది, స్ప్రింగు ఫోర్కును తోస్తుంది, టక్కున మారుతుంది. హైలోకి వెళ్ళాలంటే ముందు బటన్, తర్వాత కాలు ఎత్తడం, ఒక్క క్షణం ఆగి మళ్ళీ నొక్కడం. తిరిగి లో వైపు రావాలంటే బటన్ నొక్కి, క్లచ్ ఒకసారి చటుక్కున తొక్కి వదిలి ఇంజన్ వేగం పెంచాలి. దిగుడులో మాత్రం ముట్టుకోకూడదు. రెండింటికీ మధ్య ఆగిపోయిందంటే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది, బండి నీ చేతిలో ఉండదు.

నా బండిలో బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు. ఛాసిస్ వెంట ఉన్న వైరును ఎలుకలు మూడుచోట్ల కొరికాయి. వైరు మార్చినా మోటరు పలకలేదు. విప్పితే బ్రష్షులు మురికితో అతుక్కుపోయి ఉన్నాయి. పెట్రోలుతో కడిగి, రుద్ది, బల్ల మీద పెట్టి 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే గిర్రుమంది. ఆ శబ్దం ఎంత ముద్దుగా ఉందంటే ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాను.

సాయంత్రం షెడ్డు వెనక ప్రైవేటు దారిలో మొదటిసారి బండి కదిపాను. లో రెండు, హై రెండు, లో మూడు. మొదటి నాలుగుసార్లు పళ్ళు కరకరమన్నాయి. అయిదోసారి కాలు ఎప్పుడు ఎత్తాలో చెవికి తెలిసింది. ఇంజన్ గొంతు కాస్త సన్నబడి, ఆ సన్నబడిన చోటే టక్కుమంటుంది. మీటరు 80 చూపించింది, ఫోనులో జీపీఎస్ 58 అంది. యాక్సిల్‌తోపాటు స్పీడోమీటరుకు కూడా లెక్క మార్చే అడాప్టర్ ఉంటుంది, దాని వైరు తగిలించడం మర్చిపోయాను.

సెప్టెంబరు 20

ఈ పేజీ రాయాలని లేదు.

మిత్రులందరూ రంగు వెయ్యమంటున్నారు. ఎరుపు, క్రోమ్ బంపర్, పక్కన గీతలు. నాకు ఆ ఆలోచన మొదటి నుంచీ నచ్చలేదు. ఇది పని చేసిన బండి. బుల్‌బార్ మీద కంగారూ సొట్ట ఉంది, డాలా (తొట్టి వెనక తలుపు) అంచు మీద పార గీతలు ఉన్నాయి, వెలిసిన పసుపు రంగు సుద్దలా చేతికి అంటుతుంది. కొత్త రంగు వేస్తే అవన్నీ పోయి, ఇది ఎవరి బండో తెలియకుండా పోతుంది. ఉన్న రంగునే కాస్త పాలిష్ చేద్దామని కాంపౌండ్ తీసుకుని కుడి తలుపు మీద రుద్దాను. పసుపు మెరిసింది. ఆ సంబరంలో ఇంకాస్త గట్టిగా రుద్దాను. గుడ్డ నల్లగా వచ్చింది. చూస్తే ఊరి పేరులో చివరి అక్షరం తోక లేదు.

పెయింటరు చేత్తో రాసిన అక్షరం. నలభై ఎనిమిదేళ్ళ ఎండకు, దుమ్ముకు పోనిది నా రెండు నిమిషాల ఉత్సాహానికి పోయింది. దిద్దించవచ్చు, దిద్దించలేదు. పాలిష్ డబ్బా మూత పెట్టి పంజాబీ మిత్రుడికి ఇచ్చేశాను.

అక్టోబరు 11

రోడ్‌వర్తీ పరీక్ష మొదటిసారి ఫెయిల్. స్టీరింగ్ డ్రాగ్ లింకు చివర ఆట ఎక్కువ, వైపర్ నీళ్ళు రావడం లేదు, వెనక ఒక ఇండికేటరు మసక. అన్నీ న్యాయమే. మొదటిది నేనే పట్టుకోవలసింది.

అక్టోబరు 18

పాస్. క్లబ్ పర్మిట్టు వచ్చింది. విక్టోరియాలో 25 ఏళ్ళు దాటిన బళ్ళకు, గుర్తింపు ఉన్న పాత బళ్ళ క్లబ్బులో సభ్యులైతే, ఏడాదికి 45 రోజులో 90 రోజులో తిప్పుకునే వీలు ఉంది. నేను 45 తీసుకున్నాను. బయటికి తీసే ప్రతి రోజూ కదిలే ముందే లాగ్‌బుక్కులో తేదీ రాయాలి. కిరాయికి తోలకూడదు. అంటే ఇప్పుడు నాకు మూడు పుస్తకాలు.

ఇప్పటిదాకా ఖర్చు: బండి 3,500, మిగతావన్నీ కలిపి 9,460. ఈ లెక్క మా ఆవిడకు చూపించిన రోజున ఈ డైరీలో వేరే పేజీ అవసరం అవుతుంది.

నవంబరు 1, శనివారం

బండి నడుస్తోందని రైతు పెద్దాయనకు ఫోన్ చేశాను. అక్షరం తోక సంగతి ముందే చెప్పేశాను. పెద్దగా పట్టించుకోలేదు. ఆయన అడిగింది ఒక్కటే.

"తొట్టి లేస్తోందా?"

ఖాళీగా లేపి చూశాను తప్ప బరువుతో చూడలేదు. కోత బండికి కావలసింది అదే కదా. పెరట్లో కూరగాయల మడులకు ఎలాగూ మట్టి కావాలి. మెల్టన్ దగ్గర గార్డెన్ సామాన్ల యార్డుకు వెళ్ళి మూడు క్యూబిక్ మీటర్ల మట్టి వేయించుకున్నాను. వాళ్ళ లోడరు డ్రైవరు దిగి వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మరీ వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు చిన్న ఎగుడులో హై మూడు నుంచి లో మూడుకు ఒక్క కరకర కూడా లేకుండా దిగింది. పక్కన ఎవరూ లేకపోవడం అన్యాయం.

ఇంటి ముందు వెనక్కి పెట్టి, క్లచ్ తొక్కి, ఇంజన్ శక్తిని తొట్టి లేపే పంపుకు అందించే పీటీఓ లివరు వేసి, తొట్టి లేపాను. ఇంజన్ కాస్త మూలిగింది, తొట్టి లేచింది. డాలా మధ్యలో గోధుమలు జారడానికి ఒక చిన్న కిటికీ తలుపు ఉంటుంది. దాన్ని తెరిచాను. గుప్పెడు మట్టి రాలింది. ఇంకా లేపాను. ఇంకో గుప్పెడు. గోధుమలు నీళ్ళలా జారతాయి, తడి మట్టి జారదు. డాలా మొత్తం తెరుచుకోవాలంటే కింద రెండు పిన్నులు ముందే తియ్యాలి. నేను తియ్యలేదు. ఇప్పుడు మట్టి బరువంతా డాలా మీదే ఉంది, పిన్నులు కదలవు. తొట్టి దించి, సగం మట్టి పారతో ముందుకు ఎగదోసి, పిన్నులు తీసి, మళ్ళీ లేపేసరికి నలభై నిమిషాలు. అప్పుడు ఒక్కసారిగా దభాలున పడింది, సగం మడిలో, సగం మా పక్కింటివాళ్ళ దారిలో.

ఫోన్లో చెబితే పెద్దాయన చాలాసేపు నవ్వాడు. "అది గోధుమల బండయ్యా" అన్నాడు.

రాత్రి వర్క్ డైరీ తీశాను. ఈ బండి మొత్తం బరువు పరిమితి 12 టన్నులు దాటుతుంది కాబట్టి, రోడ్డు మీద దాన్ని నడిపిన సమయం కూడా నా పని గంటల్లోకే వస్తుంది. ఏడు రోజుల్లో 72 గంటలు, అందులో ఒకసారి ఏకంగా 24 గంటల విశ్రాంతి. ఇవాళ మధ్యాహ్నం బండి తీసి ఆ విశ్రాంతిని నేనే మధ్యలో తెంపుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి లెక్క. రేపు టార్కటా ట్రిప్పుకు అనుకున్న టైముకు కాదు, ఆలస్యంగా బయలుదేరాలి. డిపోకి ఫోన్ చేసి చెప్పాను.

మావయ్య ఇంకా మేలుకునే ఉన్నాడు, అక్కడ సాయంత్రం. "సరదాకి తిరిగినా పనేనట్రా?" అన్నాడు.

పనే. మొత్తం 50 నిమిషాలు నడిపాను. 15 నిమిషాల గళ్ళు కాబట్టి పైకి లెక్కేసి గంట. గీత గీశాను.